దుబాసీ నోట ‘నేను’

“ఆవిడ ఇలా అంటోంది” అనకూడదు. “నేను” అనే అనాలి. పేషెంటే మాట్లాడుతున్నట్టు చెప్పాలి. దుబాసీ ఉద్యోగంలో చేరినరోజే విద్యావతికి నేర్పిన నియమం అది.

1990లో సిడ్నీ అంతా గాలించినా తెలుగు దుబాసీలు వేళ్ళమీద లెక్కే. అందుకే ప్రిస్సిల్లా కేసు ఆవిడకే వచ్చింది. బాపట్ల పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళు. అన్నం సయించదు, తల దువ్వుకోదు, పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఇంగ్లీషు మాట్లాడటం రాదు, వింటే మాత్రం ముక్కా చెక్కా అర్థమవుతుంది.

భర్త డేనీ ప్రతి బుధవారం క్లినిక్ గుమ్మంలో దింపేసి డ్యూటీకి పరుగెత్తేవాడు. “ప్లీజాంటీ, తనని మళ్ళీ నార్మల్ చెయ్యండి. వర్క్‌లో ఉన్నా నా ప్రాణం ఇంటికాడే ఉంటది. ఎప్పుడేం చేసుకుంటదోనని భయం” అని మొదటిరోజే విద్యావతి చేతులు పట్టుకున్నాడు పాపం.

“లోపల ఎలా ఉంది?” అని అడిగింది సైకియాట్రిస్ట్ డాక్టర్ ఎవా. విద్యావతి తెలుగులో అడిగింది. ప్రిస్సిల్లా గోడకేసి చూస్తూ ఏదో గొణిగింది.

విద్యావతి ఇంగ్లీషులో చెప్పింది. “అంతా ఖాళీ. నా కొడుకు పోయినప్పట్నుంచీ ఇంతే. నాలుగేళ్ళవాడు. అన్నం కలిపితే చివరి ముద్ద ఇప్పటికీ వాడికని పక్కన పెడతాను. మా ఇంట్లో వాడి ఊసెత్తరు. మా ఆయన అసలు ఎత్తనివ్వడు.”

ఎవా కళ్ళు తడయ్యాయి. “మీ భాషలో రెండు మాటల్లో ఎంత ఇముడుతుందో!” అంది.

అలా వారం వారం కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. సముద్రపు ఒడ్డు. తువ్వాలు తేవడానికి కారు దగ్గరికెళ్ళడం. తిరిగొచ్చేసరికి పిల్లాడు లేకపోవడం. విద్యావతి ఒక్క మాటకీ తడుముకోలేదు.

అయిదో వారం ఎవా అంది, “ఇంట్లో పిలవలేని ఆ పేరు ఇక్కడ గట్టిగా పిలవండి.”

“చిన్నా” అంది విద్యావతి. అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. దుబాసీ ఏడవకూడదు. అదీ నియమమే. అయినా ఆగలేదు. ప్రిస్సిల్లాయే లేచి ఆవిడ చేతిలో టిష్యూ పెట్టి, వీపు నిమిరింది.

ఎవా మురిసిపోయింది. “పేషెంటు ఎదుటివాళ్ళని ఓదార్చే స్థితికొచ్చింది” అని ఫైల్లో రాసుకుంది.

ఎనిమిదో వారం విద్యావతి గొంతు తేటగా పలికింది. “నా తప్పు కాదని ఇప్పటికి నమ్ముతున్నాను డాక్టర్. మీరు నన్ను బతికించారు.”

“ఇక రానక్కర్లేదు” అంటూ ఎవా ఫైలు మూసేసింది. ఇద్దరితో చేతులు కలిపి, నవ్వుతూ బయటికెళ్ళింది.

విద్యావతి బ్యాగు సర్దుకుంది. ప్రిస్సిల్లా మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ కొంగు పట్టుకుని, ఎంతో మర్యాదగా, బతిమాలుతున్నట్టు అడిగింది.

“మీ బాబు గురించి చెప్పుకోవటం అయిపోయింది కదాంటీ, ఇప్పుడన్నా ఆ డాక్టరమ్మకి నా గురించి చెప్తారా?”