ఆడపిల్లల రెండు గంటలు

అమెరికాలో క్రికెట్‌ను ఎవరూ ఎందుకు లెక్కచేయరన్నది దివాకర్‌కు పదేళ్లుగా తీరని సందేహం. తామాడే పాత పార్కులోంచి తరిమేస్తే, ఆ శనివారం స్నేహితులతో కలిసి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనే మరో మైదానంలో పిచ్ కోసం మ్యాట్ పరిచి కొబ్బరికాయ కొట్టాడు.

అంతలో బేస్‌బాల్‌లాంటి సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలు వచ్చి ఖాళీ చేయమన్నారు. దివాకర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“బేస్‌బాల్‌కి అన్ని స్టేడియాలున్నాయి, మాకీ గడ్డి కూడా దక్కనివ్వరా?”

“అవి బాయ్స్‌కి, డాడీ!” ఆ పిల్లల్లోంచి ముందుకొచ్చింది కూతురు హాసిని. “గర్ల్స్‌కి వీక్‌లో ఈ టూ అవర్సే ఇచ్చారు. అది కూడా నువ్వు లాక్కుంటావా?”

“ఇది మీ గ్రౌండని నాకేం తెలుసు?”

“త్రీ ఇయర్స్‌లో ఒక్క గేమ్‌కైనా వచ్చావా, తెలియడానికి?”

దివాకర్ మ్యాట్ చుట్టేశాడు. స్నేహితులు ఇంకో పార్కుకు వెళ్దామన్నా కదల్లేదు. ఎండకు కాలుతున్న ఇనుప బల్ల మీద కూర్చుని, కూతురికి మూడేళ్లుగా బాకీపడ్డ ఆటను చివరిదాకా చూశాడు.