గాజుల్లేని చెయ్యి

"కొంచెం ఇటు జరగమ్మా. ఆ చివరైతే గాలి తగులుతుంది, మా కోడల్ని కూర్చోనీ."

"నాను జరగనమ్మా. ఈ పక్కనే కూకోండి."

వసంతలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. నెలలు నిండిన పిల్ల నడుం పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, ఈ మహాతల్లి ఆటోలో ఎడమ చివర పట్టుకుని కదలదట!

"ఆటో ఏటి, నీ పేర రాసిచ్చేరా?"

డ్రైవరు గున్నయ్య వెనక్కి తిరిగాడు. "అక్క ఆ చివరే కూకోవాలమ్మా. ఆవిడ సెయ్యి..."

"అమ్మా!" అని అరిచింది నాగసుధ.

ఇక ఎవరి మాటా ఎవరూ వినలేదు. గున్నయ్య ఆటో లాగించాడు.

నాగసుధకి తొలి కాన్పు. తల్లి లేని పిల్ల. పురుడు తనే పోస్తానని అత్తగారు టెక్కలి నుంచి ఈ జీడితోటల ఊరికి వచ్చింది. వసంతలక్ష్మికి నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. కొడుకు ట్రైనింగుకి శ్రీకాకుళం వెళ్లిన రోజే నొప్పులు మొదలయ్యాయి. 108 వేరే ఊళ్లో ఉందన్నారు. పలాస వెళ్తున్న ఈ ఆటో దొరికింది.

దారంతా గుంతలే. నడుములో పుట్టిన నొప్పి పొత్తికడుపుని పిండేసి, కాస్త వదిలి, మళ్లీ వస్తోంది.

"అత్తయ్యా, నేను బతకను. మా అమ్మ నన్ను కనే పోయింది."

ఎదురుగా డ్రైవరు వెనక బల్ల మీదున్న వసంతలక్ష్మి కోడలి మోకాలు నిమిరింది.

చివర సీటు ఆవిడ, నాగసుధ వీపు వెనక నుంచి కుడి చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది.

"సావడానికి ఎవులూ ఆటో ఎక్కరమ్మా. కడుపుతో ఉన్నమ్మ కనక మానుద్దా? నోటితో ఊపిరి వదులు."

మళ్లీ నొప్పి వచ్చింది. నాగసుధ చెయ్యి ఆసరా కోసం గాల్లో తడుముకుంది. ఆవిడ కొంగు చాటు నుంచి ఎడమ చెయ్యి తీసి ఇచ్చింది. నాగసుధ మణికట్టు దొరకబుచ్చుకుంది.

ఆ చేతికి ఒక్క గాజు లేదు.

వసంతలక్ష్మి అది చూసింది. ముందుకి వంగి గొంతు తగ్గించింది.

"సుధా, ఆ చెయ్యి వదిలెయ్యి. నాది పట్టుకో. శుభమా అని పురిటికి వెళ్తూ..."

ఆవిడకి వినిపించింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నాగసుధ వదల్లేదు. ఆ మణికట్టు లోపల ఏదో జుమ్మంటోంది, పువ్వులో చిక్కుకున్న తుమ్మెదలా. అదేమిటో తెలియదు గానీ, వేళ్లకి తగులుతున్నంతసేపూ ఎవరో తోడున్నట్టే అనిపించింది.

గున్నయ్య అద్దంలో చూశాడు. "అక్కా! సెయ్యి!"

"నువ్వు ముందు సూసి నడుపురా."

"నొప్పెడుతోందా? వదిలెయ్యనా?" అంది నాగసుధ పళ్ల బిగువున.

ఆవిడ తన మణికట్టు వంక చూసుకుంది.

"ఇడవకు. ఇంకా గట్టిగ పట్టుకో."

పలాస ఇంకా రానేలేదు, రైల్వే గేటు పడింది. అవతల ఎంతకీ తరగని గూడ్సు. బిడ్డ మాత్రం గేటు తీసేదాకా ఆగేలా లేదు.

"గున్నా, నువ్వు దిగి అటు పో. అమ్మా, తల కనిపిస్తంది. నువ్వు పట్టు."

"నావల్ల కాదు. నువ్వే పట్టు తల్లీ!"

"ఈ పిల్ల నా సెయ్యి ఇడవదు. నీ ఇంటి బిడ్డ, నువ్వే పట్టు."

ఎముకలన్నీ ఊడిపోతున్నంత నొప్పి. నాగసుధ ప్రాణమంతా పిడికిట్లోకి తెచ్చుకుని ఆ మణికట్టు బిగించింది. గూడ్సు హోరులో తన కేక తనకే వినపడలేదు.

బండి వెళ్లిపోయింది. వసంతలక్ష్మి దోసిట్లో ఆడపిల్ల కేరుమంది.

ఆసుపత్రి దగ్గర తల్లీబిడ్డల్ని స్ట్రెచరెక్కించారు. నాగసుధ తల తిప్పి చూసింది. ఆవిడ ఆటో పక్కన నిలబడి, ఎడమ చెయ్యి చెవికి ఆనించుకుని ఏదో వింటోంది. పేరు కూడా అడగలేదే అనుకుంది నాగసుధ.

పదకొండో రోజు పురిటి స్నానమయ్యాక, గున్నయ్య పాపని చూడ్డానికి వచ్చాడు.

"ఆ రోజు ఆవిడ పేరేమిటి గున్నయ్యా? పాపకి అదే పెడదామనుకుంటున్నాం."

"రాజకుమారమ్మ, తల్లీ."

వసంతలక్ష్మి లోపలి నుంచి కొత్త చీర తెచ్చింది.

"ఇది ఆవిడకియ్యి బాబూ. ఆ వేళ నోరు జారేను. గాజులూ కుంకుమా పెట్టకూడదు గానీ, చీరకి తప్పులేదు కదా."

గున్నయ్య చీర అందుకోలేదు.

"గాజులు నిన్ననే ఏసేరమ్మా, రెండు సేతులకీ. ముత్తైదువుగా ఎల్లిపోనాది."

వసంతలక్ష్మి చేతిలోంచి చీర జారిపోయింది. "మరి ఆ చెయ్యి..."

"కుడిసేతికి నిండా గాజులుండేవి, మీరు సూడనేదు. ఎడమది డయాలసిస్ సెయ్యమ్మా. కిడ్నీలు పాడైనోళ్లకి నెత్తురు కడగడానికి సూదులు పెట్టే సెయ్యి. గాజులెయ్యరు, ఎవుల్నీ ముట్టనివ్వరు. అందుకే ఆ చివర కూకునేది. అందులో నరం జుమ్మంటన్నంత వరకే ఆ సెయ్యి పనికొచ్చేది. నొక్కితే ఆగిపోద్ది. ఆ దినం ఆగిపోనాది. దాని బదులు మెడలో గొట్టమేసేరు. దానికి సీము పట్టి జొరమొచ్చింది."

"పట్టుకుంటే ఆగిపోతుందని... ఆవిడకి తెలుసా?" అడిగింది నాగసుధ.

"రోజూ పొద్దున్నే సెవి కాడ పెట్టుకుని ఇనేది తల్లీ. తెలీకేటి?"

నాగసుధకి ఏడుపు ముంచుకొచ్చింది. గూడ్సు వెళ్లిపోయి పాప కేరుమన్న ఆ క్షణానికే పిడికిట్లో జుమ్మనడం ఆగిపోయింది, అప్పుడు తన చెయ్యే తిమ్మిరెక్కిందనుకుంది.