ఆ ఒక్క ఓటు

"ఎవరు వేశారో మర్యాదగా బయటికి రండి. నేనే కనిపెట్టానంటే మాత్రం ఆ మర్యాద కూడా ఉండదు!"

నూకాలమ్మ గుడి అరుగు మీద నిలబడి చినబాబు అరిచాడు. ఉప్పాడ పక్కనున్న ఆ మత్స్యకారుల పేటకి అతను కులపెద్ద. పద్దెనిమిదేళ్లుగా అతని మాటకి ఎదురు లేదు. వేట నిషేధం రోజులు కావడంతో మగాళ్లంతా ఒడ్డునే ఉన్నారు. పేట పేటంతా ఎదురుగా ఇసకలో కూర్చుంది.

ఆ రోజే కాకినాడలో పార్లమెంటు ఎన్నికల ఓట్లు లెక్కపెట్టారు. లెక్కింపు దగ్గర చినబాబు పార్టీ తరఫున కూర్చున్న ప్రసన్నకుమార్ మధ్యాహ్నం బయటికొచ్చి ఫోన్ చేశాడు. "మీ పేట బూత్‌లో మనకి ఆరువందల పన్నెండండి, అవతలివాళ్లకి ఒకటండి" అని చెప్పి హడావుడిగా పెట్టేశాడు.

ఇంకొకడైతే పొంగిపోయేవాడు. చినబాబుకి ఆ ఒక్కటే పంటికింద రాయిలా తగిలింది.

"పోలింగుకి ముందు ఇదే అరుగు మీద ఏం చెప్పాను? దేశానికి గట్టి ప్రభుత్వం కావాలి, మన గుళ్లూ మన కట్టుబాట్లూ నిలబడాలి, పేటంతా ఒకే గుర్తుకి వెయ్యాలి అన్నానా లేదా? అందరూ తలూపారా లేదా?"

"ఊపామండి," అన్నారు నలుగురైదుగురు.

"మరి ఈ వెన్నుపోటు ఎవరిది?"

అతని చూపు తిరిగి తిరిగి వీరదుర్గ మీద ఆగింది. గంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం దాకా వెళ్లి చేపలమ్ముకొచ్చే మనిషి. కిందటేడు ఆమె ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. ప్రచారానికొచ్చిన అభ్యర్థిని ఆమె నడిరోడ్డు మీద ఆపి, "మూడు ఎన్నికల నుంచీ ఒడ్డుకి గోడ కడతామంటున్నారు. ఏదండీ గోడ?" అని అడిగింది. ఆ పూట చినబాబుకి తల కొట్టేసినట్టయింది.

"నా అనుమానం నీ మీదే," అన్నాడు.

వీరదుర్గ లేచి నిలబడింది. "అనుమానాలెందుకు మావయ్యా? ప్రమాణం పెట్టండి. అందరికీ పెట్టండి."

"పెడతాను! అబద్ధమాడినవాళ్ల సంగతి అమ్మవారే చూసుకుంటుంది."

అతని భార్య సత్యకుమారి పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చింది.

"ముందు నేనే చేస్తాను. పెద్దరికమంటే అది," అంటూ చినబాబు మంట మీద చెయ్యి చాపాడు. "ఆ ఒక్క ఓటూ నాది కాదు. అబద్ధమైతే అమ్మవారు నన్ను నడిసముద్రంలో ముంచుగాక!"

సత్యకుమారి మొగుడి మొహంలోకి ఒకసారి చూసింది. పళ్లెం ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి చాపింది.

"ఆ ఒక్క ఓటూ నాది కాదు."

తర్వాత సూరమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చినబాబుకి వరసకి పెత్తల్లి.

"ఒరే, ఏమనాలో సరిగ్గా చెప్పు."

"ఆ ఒక్క ఓటూ నాది కాదు అనాలి."

"అంతేనా?"

"అంతే."

"అయితే నాది కాదురా. అమ్మతోడు!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చినబాబు కళ్లెర్రజేసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

పేటంతా వరస కట్టింది. కర్పూరం అయిపోయినప్పుడల్లా సత్యకుమారి మళ్లీ వెలిగిస్తూనే ఉంది. ఎండ వాలేదాకా సాగింది ఆ తంతు. ఇన్నేళ్లలో చినబాబు వలల దొంగతనాలు చూశాడు, మొగుడూ పెళ్లాల తగాదాలు చూశాడు. అబద్ధమాడేవాడి చెయ్యి కర్పూరం మీద వణుకుతుందని అతనికి తెలుసు. ఇవాళ ఒక్క చెయ్యీ వణకలేదు. వీరదుర్గయితే మాట చెప్పేశాక కూడా చెయ్యి తియ్యలేదు. మంట అరచేతిని అంటేదాకా అతని కళ్లలోకే చూస్తూ నిలబడింది.

ఆ చూపుకి అతని ఒళ్లు భగ్గుమంది.

"నిషేధం ఎత్తేశాక మీ బోటు నీళ్లలో దిగదు! నువ్వూ నీ మొగుడూ ఈ పేటకి వెలి. మీకు నిప్పిచ్చినా నీళ్లిచ్చినా వాళ్లకీ అదే గతి."

"అమ్మవారి ముందు ప్రమాణం చేసినా నమ్మరా?"

"నమ్మను. ఇవాళ ఈ కర్పూరం మీద ఒకరు అబద్ధమాడారు. అది మాత్రం ఖాయం."

"అదయితే నిజమే మావయ్యా," అంది వీరదుర్గ.

చినబాబు ఏదో అనబోయేంతలో గుడి ముందు ఆటో ఆగింది. ప్రసన్నకుమార్ దిగాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో మడతపెట్టిన కాయితం ఉంది.

"సమయానికొచ్చావయ్యా!" అన్నాడు చినబాబు. "కాకినాడవాడివి, నీకు ఇక్కడ చుట్టమూ లేదు, పగా లేదు. ఆ ఒక్క ఓటు సంగతి నువ్వే చెప్పు వీళ్లకి."

"ఒకసారి పక్కకి రండి పెద్దగారూ. ఇందాకటినుంచీ ఫోన్ చేస్తున్నానండి, మీరు ఎత్తట్లేదు."

"పక్కకెందుకు? అందరూ వినాలి. గట్టిగా చెప్పు."

ప్రసన్నకుమార్ పేటవాళ్లవైపు చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. కాయితం మడత విప్పాడు.

"పొరపాటు నాదేనండి. కంగారులో అంకెలు తిరగేసి చెప్పాను. ఆరువందల పన్నెండూ అవతలివాళ్లవండి... మనకి పడిందే ఒక్కటండి."