తిమోతి మాస్టారి పెట్టె

చెక్కపెట్టె హెడ్మాస్టరు పద్మనాభయ్య కాలికి తగిలి ఆగింది. వెనక్కి జరిగి, పక్కకు తిరిగి ముందుకు వెళ్లింది.

దానికి కట్టిన కర్ర పట్టుకుని వెనక సైన్సు మాస్టారు తిమోతి నడుస్తున్నాడు.

అది 1964. కాలవ గట్టున ఉన్న ఆ హైస్కూలుకు తిమోతి వచ్చి నాలుగు నెలలు. పెట్టె ఆయనే చేసుకున్నాడు. మూడు చక్రాలు, మోటారు, టార్చి బ్యాటరీలు. ముందున్న తీగలకు ఏది తగిలినా పక్కకు తప్పుకుంటుంది. నేల పల్లమైతే ఆగిపోతుంది.

"మీ కుక్క కరస్తాదా మేస్టారూ?" డ్రిల్లు మాస్టరు హజరత్తయ్య రోజూ అడిగేవాడు.

"మీలాంటోళ్లు తగిలితే పక్కకి పోతాది," అనేవాడు తిమోతి.

పాఠం పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. ఆయన పీరియడు ఎవరూ ఎగ్గొట్టేవాళ్లు కాదు.

"రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు," అన్నాడు పద్మనాభయ్య. "మీ ఉద్యోగం పర్మనెంటు కావడం ఆయన చేతిలో ఉంది. ఈ ఆటబొమ్మ చూశాడంటే ఇంటికి పొమ్మంటాడు."

"ఇది లేకుండా నేను రాలేను సార్."

"ఒక్కరోజేనయ్యా. మీ మంచికే చెప్తున్నా."

తిమోతి ఏదో చెప్పబోయి ఆగాడు.

"పర్మనెంటు అవుతుందా సార్?"

"అవుతుంది. పూచీ నాది."

తిమోతి కర్ర వదిలాడు. పద్మనాభయ్య పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సాయంత్రం తిమోతి హజరత్తయ్య భుజం పట్టుకుని ఇంటికి నడిచాడు.

"కుక్క లేదని నన్ను పట్టుకున్నారా?" హజరత్తయ్య నవ్వాడు.

మర్నాడు పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తిమోతి రాలేదు.

"ఇంత పొగరా?" అని ఇన్‌స్పెక్టరు రిపోర్టులో రెండు వాక్యాలు రాశాడు.

పదకొండింటికి పడవవాళ్లు శవాన్ని గట్టున పడుకోబెట్టారు. ఒంటిమీద కొత్త చొక్కా.

"మలుపు కాడ తిరగలా సార్," అన్నాడు పడవ గంగులయ్య. "నేరుగా నీళ్లలోకి నడిచినాడు. అరిచినాం. అప్పటికే దిగిపోయినాడు."

"ఉద్యోగం పోతుందని దూకేశాడు," అన్నాడు పద్మనాభయ్య.

ఉత్తరం ఏమైనా రాసిపెట్టాడేమోనని పద్మనాభయ్య, తిమోతి అద్దెకున్న గదికి వెళ్లాడు. ఇల్లుగలామె చెంచమ్మ తలుపు తీసింది. గదికి కిటికీ లేదు. లోపలేమీ కనిపించలేదు.

"దీపం వెలిగించమ్మా."

"ఈ గదిలో దీపం లేదు సార్," అంది చెంచమ్మ. "కళ్లు కనపడని అయ్యోరికి దీపమెందుకని నేనూ పెట్టలా."