ఆకు మార్చలేదు

మట్టి కెటిల్లో, బొగ్గుల మీద, నిదానంగా టీ కాచేవాణ్ణి చూస్తే చాలు, మంచివాడని నమ్మేస్తారు మీరు. మీ ఆ నమ్మకాన్ని చూసుకునే మా బట్టీని అమ్మేస్తున్నారు.

చైనాలోని ఛావోజౌలో మేం ఆడవాళ్లం చేత్తో టీ కూజాలు చేసే బట్టీకి షే మూచెంగ్ బాబాయ్ యజమాని. ఎన్నడూ లేనిది, నిన్న నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. విసనకర్రతో బొగ్గులు రాజేస్తూ, "బట్టీ అమ్మాలో వద్దో మీరే చెప్పాలమ్మాయ్. మిమ్మల్ని అడక్కుండా అడుగేస్తానా?" అన్నాడు.

"ఇంత ప్రేమ ఎప్పట్నుంచి బాబాయ్?"

నవ్వి, కప్పు నా ముందుకు జరిపాడు. తాగి చూశాను.

"ఇది టీయా, కూజా కడిగిన నీళ్లా?"

"నీ నాలుకకే పదునెక్కువ."

అంతలో, బట్టీ కొనాలని తిరుగుతున్న వ్యాపారి గువో లోపలికొచ్చాడు. "అరె, అనుకోని చుట్టం!" అంటూనే బాబాయ్ కూజాలో ఉన్న ఆకు మీదే నీళ్లు పోసి అతనికి అందించాడు.

మా ఊళ్లో కొత్త మనిషి వస్తే పాత ఆకు పారబోసి కొత్తది వేస్తారు. వేయకపోతే లేచి పొమ్మన్నట్టే. అయినా గువో ముఖం మాడ్చుకోలేదు. ఎందుకు మాడ్చుకుంటాడు? ఆ ఆకు పొద్దున అతని కోసం వేసిందే. ఇద్దరూ అప్పుడే ఆ టీ తాగి, బేరం ముగించేశారు. ఆ బల్ల దగ్గర కొత్త మనిషిని నేను. ఆకు మార్చనిది నాకు.

కప్పు బోర్లించి చెప్పాను:

ఆ బేరం రద్దు చేయాలి.

అమ్మదలిస్తే ముందు మమ్మల్ని అడగాలి.

మాటలు జరిగేటప్పుడు బట్టీలో పనిచేసే ఆడవాళ్లందరూ కూర్చోవాలి.