కిరాయి తాత

సాతంరాయి దాటాక హైవే పక్కన జగదీశ్ నర్సరీ. మొక్కలకంటే కుండీల మీదే అతనికి ఎక్కువ రాబడి.

గోడల మీద గీకిన పాచిని పుల్ల మజ్జిగలో నూరి, కొత్త సిమెంటు కుండీలకు పూసేవాడు. తడి గోనెసంచులు కప్పి నీడన పెట్టేవాడు. వానాకాలం వెళ్లేసరికి పచ్చగా పాచి పట్టి, అవి తాతల నాటివి అయిపోయేవి.

ఎయిర్‌పోర్టు వచ్చాక చుట్టుపక్కల లేచిన ఫామ్‌హౌస్‌ల వాళ్లకు పాత సరుకంటే మహా మోజు. కానీ అందరిదీ ఒకే ప్రశ్న, ఇవి ఎవరింటివని.

మజ్జిగ పూస్తే కుండీకి వయసొస్తుంది. అబద్ధానికి ఏం పూయాలి?

అప్పుడే బస్సు దిగిన ముసలాయనొకడు, జగదీశ్ నర్సరీ ఇదేనా అని కనుక్కుని లోపలికొచ్చి మంచినీళ్లు అడిగాడు. తెల్లటి గడ్డం, చిక్కి శల్యమైన ఒళ్లు. ఊరూ పేరూ సరిగా చెప్పలేదు. జగదీశ్‌కు వాటితో పనీ లేదు.

“ఈడనే ఉండు తాతా. రెండు పూటల బువ్వ పెడత. ఎవరన్న అడిగితే ఇవి మా ఇంటి కుండీలు, వీడు నా మనుమడని చెప్పు.”

ముసలాయన అతని మొహంలోకే చూస్తూ అడిగాడు.

“కొడుకని చెప్పొద్దా?”

“కొడుకంటే ఎవడు కొంటడు? గంత పాత కుండీలకు తాతనే ఉండాలె.”

పాపం, ముసలాయన మళ్లీ అడగలేదు. గిరాకీ వచ్చినప్పుడల్లా జగదీశ్ తల నిమిరి, వీడు ఈ కుండీల మధ్యనే పెరిగాడని చెప్పేవాడు. సరుకు జోరుగా పోయింది.

ఒకరోజు రిసార్టు యజమాని మొత్తం కుండీలు కొనడానికి వస్తానన్నాడు. ఆ పొద్దున్నే ముసలాయన ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

“దవాఖానకు తీస్కపో బిడ్డా. పానం మంచిగ లేదు.”

“జర ఓపిక పట్టు తాతా. బేరం అయినంక పోదాం.”

మంచం మీద ఒరిగి ఓపిక పట్టాడు. బేరం కుదిరింది. వెళ్తూ వెళ్తూ రిసార్టు యజమాని, మీదీ మీ తాతగారిదీ ఒక్కటే పోలిక అని మెచ్చుకున్నాడు. ఆయన్ను సాగనంపి జగదీశ్ మంచం దగ్గరికొచ్చేసరికి ముసలాయన ప్రాణం పోయింది.

పోలీసులు అడిగితే, ఎవరో నీళ్ల కోసం వచ్చిన మనిషి, నాకేం తెలవదని చేతులు దులుపుకున్నాడు. పంచాయతీ వాళ్లు అనాథ శవమని రాసుకుని కాల్చేశారు. తలకొరివి పెట్టే దిక్కు లేదు. జగదీశ్ లారీలోకి కుండీలెక్కించే పనిలో ఉన్నాడు.

ఆదివారం మహేశ్వరం వెళ్లి, అన్నం పెడుతున్న తల్లి రేణుకమ్మకు ఈ సంగతంతా నవ్వుతూ చెప్పాడు.

“గిట్ల ఒక తాతను కిరాయికి పెట్టిన అమ్మా. చూడు, ఫోటో గూడ తీసిన.”

రేణుకమ్మ ఫోన్ చేతికి తీసుకుని చూసి, చంటి జగదీశ్‌ను ఒళ్లో వదిలేసి ఇల్లు విడిచిపోయిన మొగుడి పేరున ఇన్నేళ్లూ పెట్టుకుంటూ వచ్చిన బొట్టును కొంగుతో తుడిచేసుకుంది.