ట్రామ్ మలుపు

అట్టకి కాగితం తగిలించుకుని, పెన్సిల్ చెక్కుకుని, డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాడు రాజగోపాల్. ఒహాయోలో ఒక ఊరు. 1981 జనవరి, సోమవారం పొద్దున. బయట మోకాలి లోతు మంచు.

"వచ్చేసింది మన వంకర," అన్నాడు డ్రైవర్ క్లారెన్స్.

తిన్నగా పోతే రెండు నిమిషాల్లో ఆసుపత్రి. కానీ ఏడో నంబరు బస్సు తిన్నగా పోదు. ఎడమకి తిరిగి, మిట్ట ఎక్కి, ఒక ఖాళీ స్థలం చుట్టూ ప్రదక్షిణ చేసి మళ్లీ కిందికి దిగుతుంది. ఒకప్పుడు అక్కడ ట్రామ్ షెడ్డు ఉండేది. పట్టాలు ఎటు ఉంటే ట్రామ్‌లు అటే కదా పోయేది. షెడ్డు పనివాళ్ల ఇళ్లు కూడా ఆ చుట్టుపక్కలే లేచాయి. తర్వాత ట్రామ్‌లు తీసేసి అదే నంబరుతో, అదే దారిలో బస్సులు వేశారు. షెడ్డు కూలగొట్టారు. పట్టాల మీద తారు పోశారు. బస్సుకి స్టీరింగ్ ఉందన్న సంగతి మాత్రం ముప్పై ఏళ్లుగా ఎవరికీ తట్టలేదు.

కంపెనీ నష్టాల్లో పడ్డాక ఇప్పుడు తట్టింది. ఏ స్టాప్‌లో ఎంతమంది ఎక్కుతున్నారో సోమ, బుధ, శుక్రవారాలు మూడు రోజులు మనిషికో గీత పెట్టి లెక్క రాయమన్నారు. సున్నా వచ్చిన స్టాప్ ఎత్తేస్తారు.

ఆ పనికి రాజగోపాల్‌ని మించినవాడు దొరకడు. గుంటూరులో పద్నాలుగేళ్లు బస్ కండక్టర్‌గా చేశాడు. సొంత మేనమామ ఎక్కినా టికెట్ కొట్టాడు. ఆ మేనమామ పోయేదాకా ఇతనితో మాట్లాడలేదు. అక్క స్పాన్సర్ చేస్తే ఇక్కడికొచ్చి ఆరేళ్లు బస్సు నడిపాడు. ఒక కన్ను మసకబారాక స్టీరింగ్ తీసేసుకుని చేతికి అట్ట ఇచ్చారు.

ట్రామ్ షెడ్డు స్టాప్‌లో ఒక్క మనిషే నిలబడి ఉంది. చీర మీద పొడుగాటి కోటు. కాళ్లకి మగవాళ్ల బూట్లు. ఎడమ చేతికి కట్టు. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో డయాలసిస్ ఆమెకి. పసుపు పాస్ చూపించి రెండో వరసలో కూర్చుంది. రాజగోపాల్ వైపు చూడలేదు. అతనూ తల ఎత్తలేదు. లెక్క రాసేవాడు ప్రయాణికులతో మాట్లాడకూడదని రూలు.

కాగితం మీద సున్నా చుట్టాడు.

"రాజ్, మనిషి ఎక్కింది," అన్నాడు క్లారెన్స్, అద్దంలోంచి చూస్తూ.

"పసుపు పాస్."

పసుపు పాస్ కంపెనీ తనవాళ్లకి ఊరికే ఇచ్చేది. అది ఉన్నవాళ్లు టికెట్ కొనరు కాబట్టి ప్రయాణికులు కారు. లెక్కలోకి రారు. అదీ ట్రామ్‌ల కాలం నాటి రూలే.

మధ్యాహ్నం ఆమె అదే బస్సులో తిరిగొచ్చింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి దిగింది.

బుధవారం క్లారెన్స్ తన జేబులోంచి చిల్లర తీసి టికెట్ డబ్బుల డబ్బాలో వేశాడు. "ఇదిగో, ఆమె టికెట్ కొంది. గీత పెట్టు."

"వేసింది నువ్వు. డ్రైవర్‌కి టికెట్ ఏమిటి?" అని సున్నా చుట్టాడు రాజగోపాల్.

శుక్రవారం క్లారెన్స్ నవ్వలేదు.

"ఇంకెవరైనా అయితే నేను ఇంతగా అడగను, రాజ్. ఈ స్టాప్ పోతే మెయిన్ రోడ్డు నుంచి తొమ్మిది బ్లాకులు నడవాలి. సూదులు తీయించుకుని వచ్చి, ఈ మంచులో మిట్ట ఎలా ఎక్కుతుంది?"

"తెలుసు."

"తెలిసీనా?"

"ఒక్క దొంగ గీత పెడితే మిగతావన్నీ దొంగవే అవుతాయి, క్లారెన్స్."

పెన్సిల్ మొన కాగితం మీద చాలాసేపు ఆగింది. అక్కడ చిన్న చుక్క పడింది. ఆ చుక్క చుట్టూ సున్నా చుట్టేశాడు.

సాయంత్రం ప్లానింగ్ ఆఫీసర్ కాగితాలు తిరగేశాడు. మ్యాప్ తీసి, ఏడో నంబరు వంకరని కొట్టేసి, స్కేలు పెట్టి తిన్నగా ఎర్రగీత గీశాడు.

"మూడు రోజుల్లో ఒక్క మనిషి ఎక్కినా ఆలోచించేవాళ్లం," అన్నాడు.

"అక్కడ ఒక పేషెంటు ఎక్కుతుంది సార్."

"కాగితం మీద లేదే?"

"లేదు సార్."

"నాకు నీ లెక్క మీదే నమ్మకం," అన్నాడు ఆఫీసర్, ఫైలు మూస్తూ. "సోమవారం నుంచి తిన్నగా పోనిద్దాం."

రాజగోపాల్ ఏడో నంబరు ఎక్కి మెయిన్ రోడ్డులోనే దిగిపోయాడు. ఆమెకి ఎంతసేపు పడుతుందో చూడాలనిపించింది. వాచీ చూసుకుని నడక మొదలుపెట్టాడు. నాలుగో బ్లాకు దగ్గర ఆయాసం వచ్చింది. ఆరో బ్లాకు దగ్గర జారి పడ్డాడు. పడ్డచోట తారు లేచిపోయి పాత పట్టా బయటపడి ఉంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాడు.

మిట్ట మీదికి చేరేసరికి ముప్పై నాలుగు నిమిషాలు. ఆమెకి గంట దాటుతుంది. అసలు చేరితే.

ఖాళీ స్థలం పక్కన ఒక పాత ఇల్లు. కోటుకి అంటిన మంచు దులుపుకుని, మొహం తుడుచుకుని, రాజగోపాల్ బెల్ కొట్టాడు.

తలుపు తీసిన పసుపు పాస్ మనిషి, కట్టున్న చేత్తోనే అతని కోటు అందుకుంటూ, "ఇవాళైనా మీ పెళ్లాన్ని లెక్కలో రాశారా?" అంది.